బొగ్గుల మీద కోడి: మీ ఉత్తరాలకు నా జవాబులు

పోయిన సంచికలో నేను పనిచేసే పెరూ కోడి షాపు గురించి, అంటే పెరూ దేశపు పద్ధతిలో కోడిని బొగ్గుల మీద కాల్చి అమ్మే షాపు గురించి నాలుగు మాటలు రాశాను. ఉత్తర వర్జీనియాలో, స్టెర్లింగ్ దగ్గర, పద్దెనిమిది బల్లలున్న చిన్న షాపు అది. మాది సామర్లకోట. 2008లో మావారి ఉద్యోగంతో పాటు ఇక్కడికొచ్చాను. 2015లో హెచ్-4 వీసా (ఇక్కడ ఉద్యోగం చేసేవాళ్ళ కుటుంబానికి ఇచ్చేది) మీద ఉన్న మాలాంటి కొందరికి పని అనుమతి ఇవ్వడం మొదలైంది. ఆ మరుసటి ఏడు ఈ షాపులో కౌంటర్ దగ్గర చేరాను. ఇప్పుడు కేటరింగ్ ఆర్డర్లు కూడా చూసుకుంటాను.

ఇలాంటి షాపుల్లో మీకు ఎదురైనవి, మీకొచ్చిన అనుమానాలు రాయమని అడిగాను. ముప్పైకి పైగా ఉత్తరాలు వచ్చాయి. చాలావాటి చివర ఒకటే మాట ఉంది: "అడుగుదామనుకున్నాం, మొహమాటమేసింది." అది చదివినప్పుడల్లా ప్రాణం ఉసూరుమంది. కౌంటర్ ఇవతల నిలబడ్డ మనిషిగా చెప్తున్నాను, మీరు నోరు తెరిచి చెప్తే అప్పటికప్పుడు సరిచేసే పనులే అవన్నీ.

*

అక్కా, మా అత్తగారు, మామగారు రాజమండ్రి నుంచి వచ్చారు. పొయ్యి మీద తిరిగే కోడిని చూపిద్దామని తీసుకెళ్ళాం. లెగ్ పీస్ విరవగానే ఎముక పక్కన ఎర్రగా కనిపించింది. "ఇది పచ్చిదే" అని మామగారు ప్లేటు జరిపేశారు. ఇంక ఎవరమూ తినలేకపోయాం. ఫుల్ కోడి అక్కడే వదిలేసి ఇంటికొచ్చి పెరుగన్నం తిన్నాం. ఇక్కడివాళ్ళు సగమే కాలుస్తారా?
– ఒక పాఠకురాలు, ఆష్‌బర్న్

అమ్మా, ఫుల్ కోడి వదిలేశారని చదివి మనసు చివుక్కుమంది. మీ మామగారి అనుమానంలో తప్పేమీ లేదు. ఆ ఎరుపు చూస్తే మన ఇళ్ళల్లో ఎవరికైనా అలాగే అనిపిస్తుంది.

ఈ కోళ్ళు చాలా లేతవి, ఆరేడు వారాలకే కోతకొస్తాయి. వాటి ఎముక ఇంకా పూర్తిగా గట్టిపడదు. కాలేటప్పుడు మూలుగలోని ఎరుపు ఎముకలోంచి ఊరి, దాన్ని అంటుకున్న మాంసానికి పడుతుంది. ఫ్రీజ్ చేసిన కోడైతే ఆ రంగు ఇంకా ముదురుగా కనిపిస్తుంది. మనం ఇంట్లో చిన్న ముక్కలు కొట్టించి, పసుపూ కారం వేసి ఇగురు పెడతాం కాబట్టి ఆ రంగు మన కంటపడదు. మాంసం లోపలి వేడి 165 డిగ్రీల ఫారన్‌హీట్‌కి, అంటే 74 డిగ్రీల సెల్సియస్‌కి చేరితే తినడానికి భద్రం. అమెరికా వ్యవసాయ శాఖ చెప్పే లెక్క అది. రంగుని బట్టి తేల్చకూడదు.

అలాగని ప్రతిసారీ షాపువాళ్ళదే ఒప్పు అనను. నాలుగైదేళ్ళ కిందట సూపర్ బౌల్ (అమెరికా ఫుట్‌బాల్ ఫైనల్) ఆదివారం మా షాపులో కాలు పెట్టే చోటు లేదు. ఆ హడావుడిలో కోళ్ళు గుచ్చిన ఒక ఊచని ముందే దింపేశారు. ఒక పెద్దాయన ప్లేటు పట్టుకుని వచ్చి "ఇది ఉడకలేదమ్మా" అన్నాడు. నేను మూలుగ సంగతంతా గడగడా అప్పజెప్పాను. ఆయన విన్నాడు, ఏమీ అనలేదు. ఫోర్కుతో తొడ కీలు దగ్గర నొక్కి చూపించాడు. మాంసం నిగనిగలాడుతూ, జీడిలా సాగుతూ ఎముకని వదలడం లేదు. వంటతను థర్మామీటర్ గుచ్చితే 148 చూపించింది. తలెత్తి ఆయన మొహం చూడలేకపోయాను. ఆ ఊచ మీది మిగతా కోళ్ళన్నీ మళ్ళీ పొయ్యి ఎక్కించాం. ఆయనకి డబ్బు వెనక్కిచ్చి, కొత్త కోడి కట్టించి పంపాం. ఇప్పుడు ఎవరు ప్లేటు పట్టుకొచ్చినా ముందు థర్మామీటరే తీస్తాను, మాటలు తర్వాత.

తేడా ఇలా పట్టుకోండి. రంగు ఎర్రగా ఉన్నా మాంసం పోగులు పోగులుగా విడిపోయి ఎముకని సులువుగా వదిలితే చాలావరకు ఉడికినట్టే. మెరుస్తూ, రబ్బరులా సాగుతూ, ఎముకని పట్టుకుని వేలాడితే పచ్చిది. ఏ సందేహమున్నా ప్లేటు తీసుకుని కౌంటర్ దగ్గరికి రండి, థర్మామీటర్ పెట్టి చూడమనండి. పెద్దవాళ్ళతో వెళ్ళినప్పుడైతే ఆర్డర్ ఇచ్చేటప్పుడే లెగ్ పీస్‌ని ఇంకో ఐదు నిమిషాలు గ్రిల్ మీద వేయమని చెప్పండి. తోలు కొంచెం మాడుతుంది, కానీ మీ మామగారు నిశ్చింతగా తింటారు.

*

మేడమ్, మొదటిసారి వెళ్ళినప్పుడు ఆ కోడి తింటూ నేనూ మా ఆవిడా మాట కూడా మాట్లాడుకోలేదు, అంత బాగుంది. పది రోజుల తర్వాత స్నేహితుల్ని నలుగుర్ని వెంటబెట్టుకుని అదే షాపుకి వెళ్తే బ్రెస్ట్ పీస్ ఎండిపోయి పీచులా ఉంది. నా పరువు పోయింది. వంటవాడు మారిపోయాడా?
– ఒక పాఠకుడు, హెర్న్‌డన్

ఎన్నింటికి వెళ్ళారో రాయలేదు తమ్ముడూ. రెండోసారి వెళ్ళింది మధ్యాహ్నం మూడూ నాలుగూ మధ్య అయ్యుంటుందని నాకనిపిస్తోంది.

మా పొయ్యి మనిషెత్తు ఉంటుంది. అడుగున గట్టి కర్ర బొగ్గులు. ఒక్కో ఇనప ఊచకి ఐదారు కోళ్ళు గుచ్చుతాం. ఊచ తన చుట్టూ తాను తిరుగుతుంది. ఊచలన్నీ కలిసి పెద్ద చక్రంలా ఇంకో చుట్టు తిరుగుతాయి. చిన్నప్పుడు బళ్ళో భూమి, సూర్యుడి పాఠం చెప్పారే, అచ్చం అలాగ. పైన తిరిగే కోడి కొవ్వు కింది కోడి మీద కారుతుంది, కాసేపటికి ఇది పైకెళ్ళి దాని మీద కారుతుంది. ఎవరూ నూనె రాయక్కర్లేదు. బొగ్గు మీద పడిన చుక్క పొగై మళ్ళీ కోడికే పడుతుంది. మీరు మొదటిసారి మాట్లాడుకోకుండా తిన్నారే, ఆ రుచి ఇదే.

ఈ వంట వందల ఏళ్ళ నాటిదని చాలామంది అనుకుంటారు. కాదు. 1950లో పెరూ రాజధాని లీమా నగరం శివార్లలో, శాంతా క్లారా అనే చోట మొదలైంది. రోజర్ షూలర్ అనే స్విట్జర్లాండ్ ఆయన అక్కడ కోళ్ళ ఫారం నడిపేవాడు. వ్యాపారం దెబ్బతింటే, ఉన్న కోళ్ళని కాల్చి అమ్మడం మొదలుపెట్టాడు. గ్రాంహా అసూల్ అని పేరు, అంటే నీలి ఫారం. ఐదు సోల్‌లు (పెరూ డబ్బు) కడితే తిన్నన్ని కోళ్ళు. జనం విరగబడ్డారు. ఒక్కొక్క కోడిని చేత్తో తిప్పడం అయ్యే పని కాదని, ఫ్రాన్జ్ ఉల్రిచ్ అనే తన దేశస్థుడితో ఇలా రెండు తిరుగుళ్ళు తిరిగే పొయ్యి చేయించాడు. అప్పట్లో కోడికి ఉప్పు తప్ప ఏమీ పట్టించేవాళ్ళు కాదట. ఇప్పుడు మేం రాసే వెల్లుల్లి, జీలకర్ర, సోయా సాస్, ఆహీ పాంకా అనే ఎర్ర మిరప ముద్ద, అన్నీ తర్వాత వచ్చి చేరినవే. మొదట్లో డబ్బున్నవాళ్ళు ఊరు దాటి వెళ్ళి తినే తిండి అది. ఇప్పుడు లీమాలో వీధికో షాపు. 2004లో పెరూ ప్రభుత్వ సాంస్కృతిక సంస్థ దీన్ని దేశపు ప్రత్యేక వంటకంగా ప్రకటించింది. 2010 నుంచి జూలై మూడో ఆదివారం దీనికంటూ ఒక పండుగ రోజు కూడా ఉంది. ఆ రోజు మా యజమాని షాపు ముందు వాళ్ళ జెండా కడతారు. ఆయన 1980లలో వచ్చినవారు. అప్పుడు అక్కడ ధరలు ఆకాశాన్నంటి, ఊళ్ళల్లో రక్తపాతం జరుగుతుంటే ఎంతోమంది పెరూ వదిలి మా ప్రాంతానికి చేరారు. ఆర్లింగ్టన్, వీటన్ చుట్టుపక్కల ఇన్ని కోడి షాపులు వెలిసింది అలా వచ్చినవాళ్ళ వల్లే.

ఇంక మీ ఎండిన బ్రెస్ట్ పీస్ సంగతి. పొద్దున పదింటికి మొదటి ఊచలు ఎక్కిస్తాం. గంటా పావు పడుతుంది. పదకొండున్నరకల్లా దిగుతాయి, ఒంటిగంటన్నర దాకా దిగినవి దిగినట్టే పోతాయి. మళ్ళీ సాయంత్రం ఐదున్నర నుంచి ఎనిమిదిన్నర దాకా అదే జోరు. మధ్యలో జనం పలచబడతారు. అప్పుడు మిగిలిన కోళ్ళు వేడి పెట్టెలో కూర్చుంటాయి. నిబంధన ప్రకారం ఆ వేడి 135 డిగ్రీల ఫారన్‌హీట్‌కి తగ్గకూడదు. ఆ వేడిలో లెగ్ పీస్ ముప్పావుగంట ఉన్నా ఏమీ కాదు, దాంట్లో కొవ్వూ జిగురూ ఉంటాయి. బ్రెస్ట్‌లో అవి లేవు. నిమిషం నిమిషానికీ ఆరిపోతుంది. వంటతను మారలేదు. కోడి దిగిన వేళ మారింది.

కాబట్టి ఆర్డర్ ఇచ్చే ముందు ఒక్క ప్రశ్న అడగండి: ఇప్పుడే దిగినది ఉందా, లేకపోతే ఎంతసేపట్లో దిగుతుంది? స్పానిష్‌లో అయితే "రెసియెన్ సాలీదో?" అనండి, ఇప్పుడే బయటికొచ్చిందా అని అర్థం. ఆ రెండు మాటలు వినగానే వంటవాళ్ళ మొహం విప్పారుతుంది, రుచి తెలిసినవాళ్ళు వచ్చారని. పావుగంట ఆగమంటే ఆగండి. ఆగే తీరిక లేకపోతే లెగ్ పీస్ తీసుకోండి. బ్రెస్ట్ అప్పటికే ప్లేట్లోకి వచ్చేసి ఎండిపోయి ఉంటే, ఒక ముక్క తిని ఆపి కౌంటర్‌కి తీసుకురండి. సగం తిన్న తర్వాత తెచ్చినా మారుస్తాం, కానీ ముందే తెస్తే మీరూ తృప్తిగా తింటారు.

*

అమ్మా, మా నాన్నగారు ఒక కోడి షాపులో ఆర్డర్ ఇచ్చి ఇరవై నిమిషాలు నిలబడ్డారు. నంబర్ స్పానిష్‌లో పిలిచారట. తర్వాత వచ్చినవాళ్ళు తీసుకుని వెళ్ళిపోతున్నారు. ఎవరూ ఆయన్ని పలకరించలేదు. రిటైరైన హెడ్‌మాస్టర్ ఆయన. "నన్ను మనిషిగా చూడలేదురా" అన్నారు. మళ్ళీ ఆ గడప తొక్కనన్నారు.
– ఒక పాఠకుడు, రిచ్‌మండ్

ఆ షాపు ఎవరిదైనా, కౌంటర్ వెనక పనిచేసే దాన్నిగా మీ నాన్నగారికి నా క్షమాపణ చెప్పండి బాబూ. ఆయన్ని నిలబెట్టాలని ఎవరూ అనుకుని ఉండరు. రద్దీ వేళ వంటింటి వైపు పెద్ద కత్తితో కోడిని కొట్టే చప్పుడు, ఫ్యాన్ల హోరు. లోపలివాళ్ళు తమకు నోరు తిరిగిన భాషలో నంబర్ అరుస్తారు. కానీ అది ఆయనకి ఎలా తెలుస్తుంది? తెలియజెప్పాల్సింది మేమే.

మా షాపులో కూడా ఇలాగే ఒక తెలుగు అమ్మమ్మ గారు చీటీ చేతిలో పట్టుకుని గోడకి ఆనుకుని నిలబడిపోయారు. నేను వంటింట్లోంచి వచ్చి చూసి "అమ్మా, మీరేం చెప్పారు?" అని తెలుగులో అడిగేసరికి ఆవిడ కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఆ సాయంత్రమే యజమానితో మాట్లాడాను. ఇప్పుడు నంబర్ రెండు భాషల్లోనూ పిలుస్తాం, పైన తెర మీద కూడా పడుతుంది. పెద్దవాళ్ళు కనిపిస్తే కూర్చోమని చెప్పి మేమే బల్ల దగ్గరికి తెస్తాం. మీరు కూడా ఆ షాపుకి ఫోన్ చేసి మేనేజర్‌తో ఈ సంగతి చెప్పండి. దెబ్బలాడనక్కర్లేదు, మీ నాన్నగారు అన్న మాట అన్నట్టు చెబితే చాలు.

*

ఆ పచ్చ చట్నీలో ఏముంటుంది? మా పిల్లలు కోడి వదిలేసి అదే తాగుతున్నారు. రెండో కప్పుకి డబ్బులు తీసుకుంటారెందుకు?
– ఒక పాఠకురాలు, షాంటిల్లీ

ఆహీ వెర్దే అంటారు. అమెరికాలో ఎక్కువ షాపుల్లో కొత్తిమీర, హాలపేన్యో మిరప, వెల్లుల్లి, నిమ్మరసం, మయొనైజ్ కలిపి రుబ్బుతారు. పెరూలో అయితే వకతాయ్ అనే ఆకు వేస్తారు. అది మన బంతి చెట్టుకి దగ్గర చుట్టం. నలిపితే బంతాకు వాసన, అందులోనే కొంచెం పుదీనా వాసన. మా షాపులో ఆ ఆకు ముద్ద సీసాల్లో తెప్పిస్తాం. ఖరీదు ఎక్కువ, అందుకే రెండో కప్పుకి డబ్బులు. మయొనైజ్‌లో గుడ్డు ఉంటుంది, ఇంట్లో గుడ్డు తినని వాళ్ళుంటే గుర్తుపెట్టుకోండి. పసుపు రంగు చట్నీ ఆహీ అమారీయో మిరపది, అది ఇంకాస్త ఘాటు.

*

అక్కా, అందరం కోడి తింటుంటే మా అమ్మ ఒక్కతే శాకాహారి. అన్నం, బీన్స్ తినిపించాను. తర్వాత ఎవరో బీన్స్‌లో పంది కొవ్వు వేస్తారన్నారు. అప్పట్నుంచి నాకు నిద్ర పట్టడం లేదు. అమ్మకి చెప్పలేదు.
– ఒక పాఠకురాలు, ఫెయిర్‌ఫాక్స్

చెల్లీ, ముందు ఆ షాపుకి వెళ్ళి నేరుగా అడుగు. కొన్ని షాపుల్లో బీన్స్‌లో బేకన్ గానీ పంది కొవ్వు గానీ వేస్తారు, కొన్నింట్లో వేయరు. తెలియకుండానే ఇన్నాళ్ళు కుమిలిపోవద్దు. అమ్మకి చెప్పాలా వద్దా అన్నది నీకే తెలియాలి. నేనైతే చెబుతాను, ఎందుకంటే ఇంకోసారి ఆవిడ ధైర్యంగా అడగగలుగుతుంది.

"ఇది వెజిటేరియనేనా?" అని అడిగితే సరైన జవాబు రాదు. పైకి మాంసం ముక్క కనిపించకపోతే అవుననే చెప్పేవాళ్ళున్నారు, మోసం చేయాలని కాదు, వాళ్ళ లెక్క అది. విడివిడిగా అడగాలి. అన్నం కోడి ఉడికించిన నీళ్ళతో వండారా? బీన్స్‌లో కొవ్వు ఏది వేశారు? వేపుళ్ళ నూనెలో కోడి ముక్కలు కూడా వేయిస్తారా? మా షాపులో అన్నం ఉత్త నీళ్ళతోనే వండుతాం. కానీ ఆ నూనెలో పిల్లల కోసం చికెన్ నగ్గెట్స్ వేగుతాయి. ఈ సంగతి అడిగినవాళ్ళందరికీ చెప్తాను. కొందరు ఫరవాలేదంటారు, కొందరు వద్దంటారు. ఎవరి పట్టింపు వాళ్ళది.

నూనె సంగతి తేలితే అమ్మకి యూకా వేపుడు పెట్టించు. అది మన కర్రపెండలమే. మా సామర్లకోట, పెద్దాపురం వైపు సగ్గుబియ్యం చేసేది దీంతోనే. పుట్టిల్లు దక్షిణ అమెరికా. కౌంటర్‌లో చేరిన కొత్తలో గంపెడు దుంపలు చూసి "ఇవి మా ఊళ్ళో మిల్లుల ముందు గుట్టలు పోసి ఉంటాయి" అని మా యజమానికి చెప్తే ఆయన నమ్మలేదు. ఫోన్‌లో ఫొటో చూపించాల్సి వచ్చింది. పైన కరకరలాడుతూ లోపల మెత్తగా, పీచుగా ఉంటుంది. వేడి మీదే తినాలి, చల్లారితే కర్రే. పండిన అరటి వేపుడు కూడా ఉంటుంది, తియ్యగా ఉంటుంది కాబట్టి పెద్దవాళ్ళకి నచ్చుతుంది.

*

మేము హలాల్ మాత్రమే తింటాం. బోర్డు మీద హలాల్ అని రాసి ఉంటే సరిపోతుందా?
– ఒక పాఠకుడు, మనాసస్ (సొంతూరు కర్నూలు)

సరిపోదు అన్నయ్యా. కోడి ఎక్కణ్ణుంచి వస్తుందో, ధ్రువపత్రం ఉందో అడగండి. నిజంగా తెచ్చేవాళ్ళు సంతోషంగా చూపిస్తారు. ఇంకో రెండు కూడా అడగండి. కోడిని నానబెట్టే మసాలాలో కొందరు బీరు పోస్తారు, పెరూ పద్ధతుల్లో అదొకటి. అలాగే అదే గ్రిల్ మీద వేరే మాంసాలు కాలుస్తారేమో చూడండి. ఆంతికూచో అని గొడ్డు గుండె ముక్కలు పుల్లలకి గుచ్చి కాల్చే వంటకం చాలాచోట్ల ఉంటుంది, ఆ మాంసం హలాల్ కాకపోవచ్చు. మా షాపు కోడి హలాల్ కాదు. వచ్చినవాళ్ళకి ముందే చెప్పేస్తాను. ఇద్దరు ముగ్గురు వెనక్కి వెళ్ళిపోయారు, వెళ్ళేముందు చెప్పినందుకు సంతోషం అని చేయి కలిపి వెళ్ళారు.

*

ఊదారంగు డ్రింక్ ఇచ్చారు, పేరు చిచా. మా అత్తగారు అది కల్లు లాంటిదని ఎక్కడో విన్నారట, పిల్లల చేతిలోంచి లాగేశారు.
– ఒక పాఠకురాలు, లీస్‌బర్గ్

మీ అత్తగారు విన్నది అబద్ధం కాదు. చిచా దె హోరా అని మొలకెత్తిన మొక్కజొన్నతో పులియబెట్టేది ఉంది, అది మత్తుదే. మీ పిల్లలు తాగింది చిచా మొరాదా. ఊదా మొక్కజొన్న కంకుల్ని అనాస తొక్కలు, దాల్చినచెక్క, లవంగాలతో మరిగించి, వడగట్టి, చల్లార్చి, పంచదార, నిమ్మరసం కలుపుతారు. పులియబెట్టరు. పిల్లలకి నిశ్చింతగా ఇవ్వొచ్చు.

*

మా బాబు పుట్టినరోజుకి ఎనిమిది ఫుల్ కోళ్ళు తెచ్చాం. నాలుగింటికి తెస్తే అందరూ ఏడింటికి తిన్నారు. తోలంతా మెత్తబడి, అట్టపెట్టె వాసన వచ్చింది. చట్నీలు మూడే పెట్టారు. మర్నాడు మిగిలింది తింటే ఒకరికి కడుపునొప్పి వచ్చింది. షాపు మీద కంప్లయింట్ ఇవ్వాలా?
– ఒక పాఠకుడు, సౌత్ రైడింగ్

చట్నీలు తక్కువ పెట్టినందుకు తప్పకుండా ఫోన్ చేయండి, అది వాళ్ళ పొరపాటు. మూత తీసి లెక్కపెట్టుకున్నాకే గడప దాటండి. నేను కేటరింగ్ సంచి ఇచ్చేటప్పుడు తీసుకునేవాళ్ళ ముందే లెక్కపెడతాను.

మిగతాది మాత్రం గడియారం తెచ్చిన తంటా. వండిన మాంసం బయట రెండు గంటలకి మించి ఉండకూడదు, బయట ఎండ 90 డిగ్రీల ఫారన్‌హీట్ దాటితే గంటే. మీ కోడి మూడు గంటలు బల్ల మీదే ఉంది. ఆ తర్వాత మిగిలింది దాచుకోవాల్సింది కాదు. ఆ గడువు దాటకుండా ఫ్రిజ్‌లో పెడితే మూడు నాలుగు రోజులు ఉంటుంది, తినేముందు మళ్ళీ 165కి వేడి చేయాలి. కడుపునొప్పి వచ్చినవారు ఇప్పుడు కులాసాగా ఉన్నారని అనుకుంటున్నాను.

ఈసారి పార్టీకి ఇలా చేయండి. తినే వేళకి అరగంట ముందు తీసుకునేలా ఆర్డర్ చెప్పండి. ముక్కలు కొట్టొద్దనండి, ఫుల్‌గానే ఇవ్వమనండి. కోస్తే రసమంతా పెట్టెలోకి కారి ఆ తడికే తోలు నానుతుంది. కార్లో పెట్టె మూత ఒక పక్క కొంచెం తెరిచి ఉంచండి, ఆవిరి పోతుంది. ఇంటికొచ్చాక ఓవెన్‌ని 425 డిగ్రీల ఫారన్‌హీట్ దగ్గర ముందే వేడిచేసి, పళ్ళెంలో పరిచి ఏడెనిమిది నిమిషాలు పెట్టండి. తోలు మళ్ళీ కరకరలాడుతుంది. ఎనిమిది కోళ్ళు కావాలంటే ముందురోజే చెప్పండి, అప్పటికప్పుడు అడిగితే వేడి పెట్టెలో ఉన్నవే సర్దాల్సి వస్తుంది.

*

అమ్మాయ్, మా అబ్బాయి వర్జీనియాలో ఉంటాడు. ఫోన్ చేసినప్పుడల్లా పెరూ కోడి, పెరూ కోడి అంటాడు. సంక్రాంతికి వస్తున్నాడు. ఇక్కడ చేసిపెట్టడానికి వీలవుతుందా?
– ఒక తల్లి, విజయవాడ

పిన్నిగారూ, తప్పకుండా అవుతుంది. మీ ఉత్తరం చదివి ఆ రోజంతా మా అమ్మ గుర్తొచ్చింది.

చికెన్ కొట్టులో పదకొండు, పన్నెండు వందల గ్రాముల కోడిని తోలుతో ఇమ్మనండి, ముక్కలు కొట్టనివ్వద్దు. రెండు చెంచాల ఉప్పు, మూడు పెద్ద చెంచాల సోయా సాస్, పది వెల్లుల్లి రెబ్బల ముద్ద, రెండు చెంచాల జీలకర్ర పొడి, చెంచా మిరియాల పొడి, రెండు చెంచాల కాశ్మీరీ కారం, ఒక నిమ్మకాయ రసం, రెండు చెంచాల నూనె కలపండి. గరం మసాలా వద్దు, అల్లం కూడా వద్దు, మన కూర వాసన వచ్చేస్తుంది. తోలు కింద వేళ్ళు పోనిచ్చి లోపల కూడా రాయండి. రాత్రంతా ఫ్రిజ్‌లో ఉంచండి. ఓవెన్ ఉంటే 200 డిగ్రీల సెల్సియస్‌లో గంటా పది నిమిషాలు, మధ్యలో ఒకసారి తిప్పి, కారిన కొవ్వుని మీద పోయండి.

పెరట్లో నిప్పు పెట్టుకునే వీలుంటే ఇంకా మంచిది. పెరూ ఉత్తరాన ఈ కోడిని కాల్చేది అల్గరోబో అనే చెట్టు కట్టెతో. మన పొలాల గట్ల మీద పిలవకుండా మొలిచే సర్కారు తుమ్మ దాని సొంత చెల్లెలు. ప్రకాశం వైపు చిల్లచెట్టు అంటారే, అదే. దాని బొగ్గు మన దగ్గర బస్తాల్లెక్కన దొరుకుతుంది. కోడిని వీపు వైపు చీల్చి పుస్తకంలా తెరిచి, మంట పోయి నిప్పులు బూడిద పట్టాక జాలీ మీద పెట్టండి. నిప్పుకి జానెడు ఎత్తున ఉండాలి. ఎముక వైపు ఎక్కువసేపు, తోలు వైపు చివర్లో. దాదాపు గంట పడుతుంది, అబ్బాయి కంగారుపెట్టినా దింపొద్దు.

చట్నీకి రెండు కట్టల కొత్తిమీర, నాలుగు పచ్చిమిరపకాయలు, రెండు వెల్లుల్లి రెబ్బలు, పిడికెడు పుదీనా, నిమ్మరసం, అరకప్పు మయొనైజ్. మెత్తగా రుబ్బి చల్లబెట్టండి. బంగాళాదుంపలు వేలంత లావున తరిగి వేయించండి. అబ్బాయి తిన్నాక ఏమన్నాడో నాకు రాయండి పిన్నీ, ఎదురుచూస్తుంటాను.